సేవకూ లెక్క చెప్పే సభ కావాలి
మంగళగిరి–తాడేపల్లి నగరపాలక సంస్థ కమిషనర్ గారికి బహిరంగ లేఖ



ఈ లేఖ మీ కార్యాలయం మీద ఫిర్యాదు కాదు, ఏ ట్రస్టు మీదా ఆరోపణ కాదు. మన నగరంలో పేదల పేరిట జరుగుతున్న మంచి పని నాలుగు కాలాల పాటు నిలవాలంటే నగరపాలక సంస్థ చేయగలిగిన ఒక ఏర్పాటు ఉంది. దాన్ని మీ ముందు పెట్టడానికే రాస్తున్నాను. స్వచ్ఛంద సంస్థలు, ట్రస్టులు, కంపెనీల సామాజిక బాధ్యత విభాగాలు మన వార్డుల్లో ఏ పని చేసినా, అది ఎవరి కోసం చేశారో వాళ్ల ముందే ఏడాదికి ఒకసారి లెక్క చెప్పాలి. ఎంత ఖర్చయింది, ఏది పనికొచ్చింది, ఏది మూలపడింది, ఇకమీదట దాన్ని ఎవరు చూసుకుంటారు అన్న ప్రశ్నలకు అందరూ వింటుండగా జవాబు రావాలి. అలాంటి సభను ప్రతి వార్డులో జరిపే బాధ్యతను మీ కార్యాలయం తీసుకోవాలన్నది నా విన్నపం.

ఈ మాట ఇప్పుడే ఎందుకంటే, మన ఊరికి ఇంతమంది దాతలు ఇంతకు ముందెప్పుడూ రాలేదు. 2021 మార్చిలో మంగళగిరి, తాడేపల్లి మున్సిపాలిటీలు కలిసి నగరపాలక సంస్థ అయ్యాయి. నిన్నమొన్నటి దాకా పంచాయతీలుగా ఉన్న నవులూరు, ఎర్రబాలెం, కాజ, చినకాకాని, ఆత్మకూరు ఇప్పుడు నగరంలో భాగం. ఒక పక్క ఎయిమ్స్, మరో పక్క రాజధాని, మధ్యలో జాతీయ రహదారి. ఆత్మకూరులో అక్షయపాత్ర ఫౌండేషన్ వంటశాల 2022లో మొదలైంది. చేనేతకు టాటాల తనైరా సహకారంతో వీవర్‌శాల అనే నేత కేంద్రం వచ్చింది. కుట్టు శిక్షణ, వైద్య శిబిరాలు, తాగునీటి ప్లాంట్లు, తోపుడు బళ్లు, బడులకు బెంచీలు, ఇలా రకరకాల సాయం వార్డులకు చేరుతోంది. రాజధాని పనులు సాగే కొద్దీ కంపెనీలూ పెరుగుతాయి, వాటి వెంట నిధులూ వస్తాయి. వచ్చేవాళ్లకు దారి చూపే పద్ధతి ఇప్పుడే ఏర్పడితే అది అలవాటుగా స్థిరపడుతుంది. పదేళ్ల తర్వాత పెట్టబోతే ఎవరికి వారు తమ పద్ధతికి అలవాటుపడి ఉంటారు.

ప్రస్తుతం ఈ సంస్థలు ఎవరికీ లెక్క చెప్పడం లేదని కాదు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత పనులకు వెచ్చించాలి. ఆ ఖర్చు వివరాలు బోర్డుకు, ప్రభుత్వానికి వెళతాయి. మూడేళ్ల సగటున ఏటా 10 కోట్ల రూపాయలు, ఆపైన వెచ్చించాల్సిన కంపెనీలైతే కోటి రూపాయలు, ఆపైన ఖర్చయ్యే ప్రాజెక్టులకు బయటివాళ్ల చేత ప్రభావ మదింపు కూడా చేయించాలని 2021 నిబంధనలు చెబుతున్నాయి. ట్రస్టులు ఆదాయపు పన్ను శాఖకు లెక్కలు చూపిస్తాయి. విదేశీ విరాళాలు తీసుకునేవాళ్లు కేంద్ర హోం శాఖకు చూపిస్తారు. ఇన్ని నివేదికల్లో ఒక్కటి కూడా రత్నాల చెరువులోనో గండాలయపేటలోనో ఉన్న మనిషికి చేరదు. డబ్బు ఇచ్చినవాళ్లకు, అనుమతి ఇచ్చినవాళ్లకు లెక్క అందుతుంది. సాయం పుచ్చుకున్నవాళ్లకు దక్కేది ఫొటోలో చోటు మాత్రమే. జవాబుదారీతనమంతా పైకే ప్రయాణిస్తే, పని కూడా పైవాళ్లు మెచ్చే తీరులోనే తయారవుతుంది. ఎన్ని మిషన్లు పంచాం, ఎంతమందికి శిక్షణ ఇచ్చాం అన్నది అంకెల్లో చూపించడం సులువు. ఏడాది తర్వాత ఎన్ని మిషన్లు నడుస్తున్నాయి, వాటి మీద ఇల్లు గడుస్తోందా అన్నది తెలియాలంటే మళ్లీ ఆ ఇంటికి వెళ్లాలి. ఆ రెండో ప్రయాణం చేసి తీరాలని ఏ నిబంధనా ప్రతి సంస్థనూ అడగడం లేదు.

తాగునీటి ప్లాంటు సంగతే దగ్గరగా చూడండి. కాలనీ మొగలో షెడ్డు, బోరు, ఆర్వో యంత్రం, గోడ మీద దాతల పేర్లు. ఇది ఒక్కసారి పెట్టే ఖర్చు. అసలు ఖర్చు ప్రారంభోత్సవం మర్నాటి నుంచి మొదలవుతుంది. కాట్రిడ్జ్‌లు కొన్ని నెలలకోసారి మార్చాలి. మెంబ్రేన్ రెండు మూడేళ్లకు పాడవుతుంది, దాని ధర మామూలు మరమ్మతు లాంటిది కాదు. కరెంటు బిల్లు నెలనెలా వస్తుంది. క్యాన్లు పట్టి ఇచ్చే మనిషికి జీతం ఇవ్వాలి. యంత్రం వదిలేసే ఉప్పునీరు తాగే నీటికంటే ఎక్కువే ఉండొచ్చు, అది పోవడానికి కాలువ కావాలి. క్యాను ధర ఎంత పెడితే ఇవన్నీ గిట్టుబాటవుతాయి? ఆ ధర కాలనీవాళ్లు ఇవ్వగలరా? వసూలైన డబ్బు ఎవరి పేరిట ఉన్న ఖాతాలో పడుతుంది? ఈ మూడు ప్రశ్నలకు మొదటి రోజే జవాబు లేకపోతే మెంబ్రేన్ పోయిన రోజున ప్లాంటుకు తాళం పడుతుంది. దాత చేతులు దులుపుకున్నాడని జనం అంటారు, జనానికి బాధ్యత లేదని దాత అంటాడు. నిజానికి ఇద్దరూ కలిసి కూర్చుని మాట్లాడుకునే చోటే అక్కడ లేదు.

చేనేత సంగతి ఇంకా లోతైనది. మంగళగిరి నేత గుంట మగ్గం మీద పుట్టింది. నేతగాడు నేల మట్టాన కూర్చుని, కాళ్లు గుంటలోకి దించి చెక్కలు తొక్కుతూ నాడె ఆడిస్తాడు. నూలు తోడేదీ కండెలు చుట్టేదీ ఎక్కువగా ఇంటి ఆడవాళ్లు. పల్లపు వీధుల్లో గట్టి వాన కురిస్తే గుంటలో నీరు ఊరుతుంది. వాన తెరిపి ఇచ్చినా గుంట ఆరేదాకా మగ్గం ఆగిపోతుంది, ఆగిన రోజులకు మజూరీ రాదు. ఇలాంటి ఇంటికి వెళ్లి కొత్త డిజైన్ల శిక్షణ ఇస్తామంటే వాళ్లు కాదనరు, వచ్చి కూర్చుంటారు. కానీ వాళ్లను ముందుగా అడిగి ఉంటే గుంటకు నీరు పట్టకుండా గచ్చు చేయించమనో, వీధి కాలువ లోతు చేయించమనో, నూలు అప్పు మీద కాకుండా నగదు మీద కొనుక్కునే దారి చూపమనో చెప్పి ఉండేవారేమో. 2019–20 చేనేత గణన ప్రకారం దేశంలో మూడింట రెండొంతుల చేనేత కుటుంబాల నెల ఆదాయం 5 వేల రూపాయల లోపే. కార్మికుల్లో 70 శాతానికి పైగా మహిళలు. అంత తక్కువ రాబడి ఉన్న ఇంట్లో ఒక్క వారం మగ్గం ఆగడం అంటే అప్పు. ఆ ఇంటి అవసరం ఏమిటో ఆ ఇంటివాళ్లకంటే బాగా ఏ ప్రాజెక్టు నివేదికా చెప్పలేదు. శిక్షణ పుచ్చుకున్న మహిళనే లేచి నిలబడి, ఇది నాకు పనికొచ్చింది, ఇది రాలేదు అని చెప్పనిస్తే మరుసటి ఏడాది ప్రాజెక్టు దానంతట అదే మెరుగుపడుతుంది.

ఇది కొత్త ఆలోచన కాదు. మన దగ్గరే దీనికి పాత పునాదులు ఉన్నాయి. హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ 1967లో పట్టణ సామాజికాభివృద్ధి ప్రాజెక్టు మొదలుపెట్టింది. బస్తీల్లో బాల్వాడీలు, కుట్టు కేంద్రాలు, తర్వాత యునిసెఫ్ తోడ్పాటుతో ఆరోగ్యం, పట్టాలు వచ్చినచోట సొంతంగా కట్టుకునే ఇళ్లు, ఇలా అది విస్తరించింది. బస్తీ జనంతో మాట్లాడి, వాళ్ల చేతా వాటా వేయించి పని మొదలుపెట్టడం దాని పద్ధతి. 1988లో విశాఖపట్నంలోనూ, ఆ తర్వాత విజయవాడలోనూ బ్రిటన్ సాయంతో మురికివాడల అభివృద్ధి ప్రాజెక్టులు నడిచాయి. 2000లో మొదలైన పట్టణ పేదల సేవల పథకం 42 పట్టణాలకు వెళ్లింది. అందులో నిధులు కావాలంటే మున్సిపాలిటీలు పేదరిక నిర్మూలన ప్రణాళికను ముందుగా తయారు చేసుకోవాల్సి వచ్చింది. నేటికీ మన కార్పొరేషన్లలో పట్టణ సామాజికాభివృద్ధి (యూసీడీ) విభాగం ఉందంటే అది ఆ 1967 ప్రయత్నం వదిలిన ఆనవాలే. బయటి డబ్బు ఏదో ఒకనాడు ఆగుతుంది, బయటి సిబ్బంది బదిలీ అవుతారు. ఆ తర్వాత వాడలో మిగిలేవి రెండు: వేసిన కాలువ, దాన్ని బాగు చేయించుకోవడానికి కలిసి వెళ్లి అడిగే అలవాటు. అలవాటు లేనిచోట కాలువ పూడిపోతుంది. అందుకే ఏ స్వచ్ఛంద సంస్థ పనినైనా మొదటిదాన్ని మాత్రమే చూసి కొలవకూడదు.

జనం ముందు లెక్క చదివే పద్ధతిలోనూ మన రాష్ట్రానికి అనుభవం ఉంది. 1994లో రాజస్థాన్ పల్లెల్లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ బహిరంగ విచారణలు మొదలుపెట్టి పనుల బిల్లులను ఊరి మధ్య చదివి వినిపించింది. ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ సామాజిక తనిఖీని చట్టంలో భాగం చేసింది. ఆంధ్రప్రదేశ్ 2006లోనే తనిఖీలు మొదలుపెట్టి, 2009లో వాటి కోసమే ఒక స్వతంత్ర సంస్థను ఏర్పాటు చేసింది. కూలీల కుటుంబాల్లోని చదువుకున్న పిల్లలకు శిక్షణ ఇచ్చారు. వాళ్లు తమది కాని ఊరికి వెళ్లి మస్టరులోని పేర్లను ఇంటింటికీ తిరిగి సరిచూశారు. తేలిన విషయాలను మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టి అధికారుల ఎదుటే చదివారు. ఈ పద్ధతిలో ఒక లోపమూ బయటపడింది. దుర్వినియోగమైందని తేలిన సొమ్ములో తిరిగి రాబట్టింది తక్కువ. అంటే సభ పెట్టడంతో పని పూర్తి కాదు, తేలిన దాని మీద చర్యకు గడువు ఉండాలి. ఆ పాఠం కూడా మనదే కాబట్టి మంగళగిరిలో మొదటి నుంచే దాన్ని సరిచేసుకోవచ్చు. 2017లో మేఘాలయ అనేక పథకాలకు సామాజిక తనిఖీని వర్తింపజేస్తూ చట్టమే చేసింది. కూలి డబ్బు లెక్కను కూలీల ముందు చదవడం న్యాయమైనప్పుడు, పేదల పేరు చెప్పి సేకరించిన విరాళం లెక్కను ఆ పేదల ముందు చదవడం అన్యాయం ఎలా అవుతుంది?

బడి గోడల లోపల ఈ హక్కు ఇప్పటికే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులూ సంరక్షకులే. కమిటీలో సగం మంది మహిళలు. మధ్యాహ్న భోజనం వండింది ప్రభుత్వమైనా, స్వచ్ఛంద సంస్థ అయినా, అన్నం సరిగా ఉడకలేదని తల్లి లేచి అడగవచ్చు. వండేవాళ్లు వినాలి. అదే తల్లి బడి గేటు దాటి వీధిలోకి వచ్చేసరికి, అక్కడ పెట్టిన నీటి ప్లాంటు గురించీ శిక్షణ కేంద్రం గురించీ అడిగే చోటు ఆమెకు లేదు. నేను కోరుతున్నది బడిలో ఉన్న హక్కును వీధిదాకా తీసుకురమ్మని.

ఏర్పాటు ఇలా ఉండవచ్చు. మొదటిది, నగరంలో పని మొదలుపెట్టే ప్రతి సంస్థా ఒక్క పేజీ వివరం తెలుగులో ఇవ్వాలి. ఏ పని, ఏ వార్డులో, ఎంత ఖర్చు, ఎంతకాలం, సంస్థ వెళ్లిపోయాక బాధ్యత ఎవరిది అన్న ఐదు విషయాలు చాలు. ఆ పేజీని వార్డు సచివాలయం గోడ మీద అతికించాలి. రెండోది, ఏడాదికోసారి వార్డు సభ. సభకు ముందు పొదుపు సంఘాల మహిళలు, చదువుకున్న యువత చిన్న బృందంగా ఏర్పడి, తమది కాని వార్డుకు వెళ్లి, సాయం అందుకున్న ఇళ్లను చూసి రావాలి. సభలో వాళ్లు చూసింది చదవాలి. సంస్థ ప్రతినిధి జవాబు చెప్పాలి. తీర్మానం అక్కడికక్కడే పుస్తకంలోకి ఎక్కాలి. నెల రోజుల్లో ఏం చేశారో అదే గోడ మీద కనబడాలి. మూడోది, నిర్వహణ ఖర్చు ఉండే ప్రతి ఆస్తికీ అప్పగింత పత్రం, దాని పేరిట పొదుపు సంఘాల సమాఖ్య ఖాతా ఉండాలి. వీటిలో ఏదీ కొత్త శాఖను కోరదు. యూసీడీ విభాగం, పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా, వార్డు సచివాలయాల సిబ్బంది ఇప్పటికే ఉన్నారు.

వాడలోని మహిళలు ఇంత లెక్క చూడగలరా అని అనుమానించేవాళ్లు ఉంటారు. వాళ్లకు నెల్లూరు జిల్లా చరిత్ర జవాబు చెబుతుంది. దూబగుంట నుంచి సాగిన సారా వ్యతిరేక పోరాటం తర్వాత 1993లో అక్కడ పొదుపు లక్ష్మి ఉద్యమంగా మారింది. రోజుకో రూపాయి దాచిన మహిళలు తీర్మానాల పుస్తకం, అప్పుల పుస్తకం, పాసు పుస్తకం తామే నడుపుకున్నారు. 2007లో మెప్మా ఏర్పడ్డాక పట్టణాల్లో సంఘాలు, వాటి మీద వాడ స్థాయి, పట్టణ స్థాయి సమాఖ్యలు ఏర్పడ్డాయి. కేరళలో 1998లో మొదలైన కుటుంబశ్రీ సంఘాలు స్థానిక సంస్థల ప్రణాళికల్లో భాగస్వాములుగా పనిచేస్తున్నాయి. బ్యాంకు అప్పు వాయిదాలు నెలనెలా తప్పకుండా కట్టించే సమాఖ్యకు ఒక నీటి ప్లాంటు జమాఖర్చులు కష్టం కావు. ఇదే సంఘాలను పక్కన పెట్టి నేరుగా ఇంటి గుమ్మానికి డబ్బు తీసుకువెళితే ఏమవుతుందో కూడా మన రాష్ట్రం చూసింది. సేవాసంస్థలుగా మొదలై కంపెనీలుగా మారిన సూక్ష్మరుణ సంస్థలు కొన్ని అప్పులవాళ్లను వేధించిన తీరు మీద 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. పేదలకు మేలు చేస్తామని బయలుదేరిన సంస్థ పెట్టుబడిదారులకే జవాబుదారీ అయితే దాని దారి ఎటు మళ్లుతుందో అప్పుడే తేలిపోయింది.

ఇక అభ్యంతరాలు. అన్నిటికంటే బలమైనది, ఇది ప్రైవేటు డబ్బు, ఇచ్చేవాడి ఇష్టం, ఇలా నిలదీస్తే దాతలే రారన్నది. ఇందులో కొంత నిజం ఉంది. ఒకరి సొంత డబ్బు మీద నగరపాలక సంస్థకు అధికారం లేదు, ఉండకూడదు కూడా. కానీ ఈ సంస్థలు పని చేసేది శూన్యంలో కాదు. స్థలం, కమ్యూనిటీ హాలు, నీటి కనెక్షన్, బడి భవనం, లబ్ధిదారుల జాబితా, ఏదో ఒకటి నగరపాలక సంస్థ నుంచే తీసుకుంటాయి. పన్ను మినహాయింపు రూపంలో ప్రజల డబ్బూ అందులో కలుస్తుంది. మీ సహకారం పొందేవాళ్లకు ఒప్పందంలో ఈ షరతు పెట్టండి. పొందనివాళ్లను స్వచ్ఛందంగా రమ్మని ఆహ్వానించండి. మంచిగా పనిచేసే సంస్థ ఈ సభకు భయపడదు, తన పని జనం నోట వినిపించే అవకాశం దానికి దొరుకుతుంది. భయపడి వెనక్కి తగ్గేవాళ్లు కొందరు ఉంటే, వాళ్లు తెచ్చే ఆస్తి రెండేళ్లకు తాళం పడేదే అయి ఉండే అవకాశం ఎక్కువ.

రెండో అభ్యంతరం రాజకీయం. వార్డు సభ పెడితే పార్టీలు ఆక్రమిస్తాయి, ఎదుటి పార్టీవాళ్ల ట్రస్టును ఎండగట్టే వేదిక అవుతుంది అంటారు. ప్రమాదం నిజమే. నాయకుల పేరిట నడిచే ట్రస్టులు మన ప్రాంతంలో తక్కువేమీ కాదు. వాటికీ, వాటి ప్రత్యర్థుల ట్రస్టులకూ, కంపెనీలకూ, మత సంస్థల సేవా విభాగాలకూ ఒకే పేజీ, ఒకే ప్రశ్నలు ఉంటే ఆ ప్రమాదం తగ్గుతుంది. తనిఖీ బృందం వేరే వార్డు నుంచి రావాలనడం కూడా ఇందుకే. ప్రశ్నలు ఐదింటికే పరిమితం కావాలి, జవాబులు రాతలో ఉండాలి. అప్పుడు సభ ఉపన్యాసాలకు కాకుండా లెక్కకు కట్టుబడుతుంది. పైగా మన నగరపాలక సంస్థ ఏర్పడ్డాక ఏళ్ల తరబడి ఎన్నికైన పాలకవర్గం లేకుండానే నడిచింది కాబట్టి, జనం నేరుగా అడిగే చోటు ఇక్కడ మరింత అవసరం. రాజ్యాంగం 243ఎస్ అధికరణ 3 లక్షలు, అంతకు మించిన జనాభా ఉన్న మున్సిపాలిటీల్లో వార్డు కమిటీలను తప్పనిసరి చేసింది. అది కనీస హద్దు, అంతకు తక్కువ జనాభా ఉన్నచోట సభ పెట్టకూడదని చెప్పలేదు. ఈ నేలకు ఒక జ్ఞాపకం ఉంది. 1919లో చీరాల, పేరాల గ్రామాలను జనం సమ్మతి లేకుండా మున్సిపాలిటీ చేసి పన్నులు పెంచితే, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో 1921లో వేలమంది ఊరు వదిలి రామనగర్ కట్టుకున్నారు. జనాన్ని అడగని పాలన ఎంత దూరం వెళుతుందో ఆ నేతగాళ్ల ఊళ్లు చూపించాయి. అడిగే పాలన ఎంత దూరం వెళ్లగలదో మంగళగిరి చూపించవచ్చు.

మూడోది, జనానికి తీరిక లేదన్నది. నిజమే, పనిరోజు పదకొండు గంటలకు సభ పెడితే ఎవరూ రారు. మిర్చి కోతల కాలంలో మహిళలు తెల్లవారక ముందే ఆటోలెక్కి పొలాలకు వెళతారు. మగ్గం మనిషి ఒక పూట లేస్తే మజూరీ తగ్గుతుంది. అందుకు సభను వదులుకోవడం కంటే సమయాన్ని మార్చడం మేలు. చేనేత కార్మికులకు అమావాస్య సంప్రదాయ సెలవు. నేతవాడల్లో సభ ఆనాడు పెట్టండి. కూలి పనులకు వెళ్లేవాళ్లు ఎక్కువ ఉన్న వార్డుల్లో రాత్రి ఏడు తర్వాత పెట్టండి. ఇంటి గడపకు వచ్చి మాట్లాడిన తనిఖీ బృందం రాసుకున్నది ఎలాగూ సభకు రాలేని మనిషి మాటనూ మోసుకొస్తుంది.

నాలుగోది, చిన్న సంస్థల సంగతి. పదిమంది పిల్లలకు సాయంత్రం చదువు చెప్పే వాలంటీర్ల మీద ఈ బరువు ఎందుకు వేయాలి అని అడగవచ్చు. వేయకూడదు. ఏడాదికి నిర్ణీత మొత్తం దాటి ఖర్చు పెట్టేవాళ్లకు, స్థిరమైన ఆస్తి కట్టేవాళ్లకు మాత్రమే తనిఖీ ఉండాలి. మిగతావాళ్లకు గోడ మీద పేజీ చాలు. ఐదోది, బహుశా అన్నిటికంటే న్యాయమైనది: నగరపాలక సంస్థ తన లెక్కే జనం ముందు చదవడం లేదు, ట్రస్టులను అడిగే నైతిక హక్కు ఏది? దీనికి ఒక్కటే జవాబు. మొదటి సభలో మొదటి పేజీ నగరపాలక సంస్థదే కావాలి. ఆ వార్డులో కాలువలకు, దీపాలకు, రోడ్లకు మీరు ఖర్చు పెట్టింది ముందు చదవండి. ఆ తర్వాత ట్రస్టుల వంతు. ముందు తాను నిలబడిన అధికారి అడిగితే ఎవరూ కాదనలేరు.

ఇక సాయం నిలకడ సంగతి. అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ 1969లో స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు అర్ధ శతాబ్దం దాటి అక్కడే ఉంది. కరువు పల్లెల్లో బడులు, ఆసుపత్రి, ఇళ్లు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయంటే ఒక కారణం ఆ సంస్థ ఊళ్లను వదిలిపోకపోవడం. కంపెనీల నిధులు మాత్రం చట్టరీత్యానే కాలపరిమితికి కట్టుబడి ఉంటాయి. కొనసాగే ప్రాజెక్టుకైనా ఆరంభించిన ఏడాది కాక మరో మూడేళ్ల హద్దు ఉంది. మంగళగిరికి రాబోయే సాయంలో ఎక్కువ భాగం ఆ రెండో రకమే. మూడేళ్లకు వెళ్లిపోయే దాత వల్ల ముప్పై ఏళ్ల మేలు జరగాలంటే వెళ్లేటప్పుడు బాధ్యత అందుకునే చేతులు వార్డులో ఉండాలి. ఆ చేతులు ఒక్కరోజులో తయారుకావు. ఏటా లెక్క విని, ప్రశ్న అడిగి, తీర్మానం రాసిన జనమే నాలుగో ఏట ప్లాంటు తాళం చెవి అందుకోగలరు, శిక్షణ కేంద్రాన్ని సహకార సంఘంగా నడుపుకోగలరు. పేరుకు సొంతదైన సహకార సంఘం కూడా సర్వసభ్య సమావేశం జరగనినాడు సభ్యుల చేతుల్లోంచి జారిపోతుందని చేనేత సంఘాల చరిత్ర చెబుతూనే ఉంది. కాబట్టి యాజమాన్యం కాగితం మీద రాసి ఇస్తే వచ్చేది కాదు, ఏటా లెక్క అడగడంతోనే వస్తుంది.

కమిషనర్ గారూ, రాష్ట్ర ప్రభుత్వ అనుమతి కోసం ఆగనక్కర లేకుండా మీరు ఈ నెలలోనే చేయగలిగినది ఒకటి ఉంది. నగరంలో పనిచేస్తున్న సంస్థల జాబితాను వార్డులవారీగా తయారు చేయించి, ప్రతి సంస్థ నుంచీ ఆ ఒక్క పేజీ అడగండి. ఒక నేతవాడ, ఒక కొండవాలు కాలనీ, కొత్తగా నగరంలో కలిసిన ఒక ఊరు, ఈ మూడింటిని ఎంచుకుని ఏడాది పాటు ఈ సభను నడిపి చూడండి. ఫలితం బాగుంటే మిగతా వార్డులకు విస్తరించండి. బాగా లేకపోతే ఏది కుదరలేదో అదే గోడ మీద రాసి మార్చండి. దాతలు మన ఊరి మీద అభిమానంతో వస్తున్నారు. వాళ్ల డబ్బు వృథా పోకుండా చూసే బాధ్యతా, మన జనాన్ని పుచ్చుకునేవాళ్లుగా కాక అడిగేవాళ్లుగా నిలబెట్టే బాధ్యతా నగరపాలక సంస్థదే. ఈ లేఖకు జవాబు నాకు వ్యక్తిగతంగా అక్కర్లేదు. అది వార్డు సచివాలయాల గోడల మీద అందరికీ కనబడేలా రావాలని కోరుతున్నాను.

ఇట్లు,
మంగళగిరి పౌరుడు